గ్రూప్ వర్క్‌లో పని ఒక్కరిదే ఎందుకవుతుంది? మన మదనపల్లె దగ్గర దొరికే జవాబు

తిరుపతి నుంచి మాట్లాడుతున్నా.

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకు ఒక చిన్న పని. మీ ఫోన్‌లో వాట్సాప్ తెరవండి. కాలేజీ ప్రాజెక్టు కోసం ఎప్పుడో పెట్టుకున్న పాత గ్రూప్ ఒకటి వెతకండి. ‘ప్రాజెక్ట్ ఫైనల్’ అనో, ‘బ్యాచ్ 4’ అనో పేరు ఉంటుంది. ఐదుగురు మెంబర్లు. ఒకరు ఫైళ్లు పెడుతూ ఉంటారు. ఒకరు ‘ఓకే’ అంటారు. ఇంకొకరు బొటనవేలు బొమ్మ పెట్టి వెళ్ళిపోతారు. నాలుగో మనిషి ఆఖరి రోజు రాత్రి పదకొండుకు వచ్చి ‘నా పేరు స్పెల్లింగ్ కరెక్ట్‌గా వేయండి’ అంటాడు. ఐదో మనిషి ఆ గ్రూప్‌లో ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు.

నవ్వొస్తోంది కదా? మరి ఆ ఐదో మనిషి మీరే అయితే? అప్పుడు నవ్వు రాదు. ఈరోజు మాట్లాడేది ఆ ఐదో మనిషి గురించే. క్లాసులో గ్రూప్ వర్క్ ఎలా పెడితే అందరూ నేర్చుకుంటారు, ఎలా పెడితే ఒక్కరు చేసి మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు, అదీ విషయం. బీఈడీ, డీఈడీ చేస్తున్నవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లు మీ ప్రాజెక్టు గ్రూపులకు వాడుకోండి.

ముందు నా తప్పు చెప్తాను.

బీఈడీలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా. నన్ను తిరుపతికి దగ్గర్లో ఒక హైస్కూల్‌కు పంపించారు. ఎనిమిదో తరగతి, నలభై మంది పిల్లలు. సోషల్ పాఠం. నేనేమో కొత్త ఉత్సాహం మీద ఉన్నా. చాక్ పట్టుకుని ఉపన్యాసం ఇచ్చే టీచర్ కాకూడదు, గ్రూప్ యాక్టివిటీ చేయించాలి అని ముందు రోజు రాత్రే చార్టులు, స్కెచ్‌లు కొనుక్కున్నా. క్లాసులోకి వెళ్ళి ఎనిమిదేసి మందిని ఒక గ్రూపు చేసినా. ఐదు గ్రూపులు. ఒక్కో గ్రూపుకు ఒక చార్టు ఇచ్చి ‘అందరూ కలిసి చర్చించి రాయండి’ అన్నా. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

ఇరవై నిమిషాలు క్లాసు భలే కళకళలాడింది. ఐదు చార్టులూ తయారైనాయి, రంగురంగులుగా ఉన్నాయి. ఫొటోలు కూడా తీసుకున్నా. అప్పుడు మా క్లాసు చూడటానికి వచ్చిన ఒక సీనియర్ మేడం వెనక బెంచీ దగ్గర కూర్చున్న ఒక పాపను అడిగినారు. ‘ఏమ్మా, మీ గ్రూపులో నువ్వేం చేసినావు?’

ఆ పాప లేచి నిలబడి, చాలా మర్యాదగా, ‘నేను స్కేలు పట్టుకున్నా మేడం’ అంది.

అది అబద్ధం కాదు. ఇంకో అమ్మాయి గీతలు గీస్తుంటే ఇరవై నిమిషాలు ఈ పాప స్కేలు కదలకుండా పట్టుకుంది. పాఠం దేని గురించో కూడా తనకు తెలియదు. మేడం నన్ను ఏమీ అనలేదు. బయటికి వచ్చాక ఒక్క మాట అడిగినారు. ‘నువ్వు పిల్లల్ని గ్రూపుగా కూర్చోబెట్టినావు సరే. గ్రూపుగా పని చేయడానికి వాళ్లకు కారణం ఏమిచ్చినావు?’

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతికితే దొరికినవే ఈరోజు మీతో పంచుకుంటున్నా.

మొదటి విషయం. ఇది పిల్లల సోమరితనం కాదు, మనుషుల స్వభావం. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్మన్ అని ఒక వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం పడుతోందో కొలిచాడు. ఒక్కరు లాగితే ఇంత అనుకుంటే, ఇద్దరు లాగితే రెండింతలు రావాలి, ఎనిమిది మందికి ఎనిమిదింతలు రావాలి కదా? రాలేదు. మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరు వేసే బలం తగ్గుతూ పోయింది. ఎనిమిది మంది కలిస్తే సుమారు నలుగురి బలమే వచ్చింది. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి.

మన ఊర్లో రథోత్సవం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? తాడు మీద వందల చేతులు ఉంటాయి. అందులో ఎన్ని చేతులు లాగుతున్నాయి, ఎన్ని చేతులు ఊరికే తాడు తాకి కళ్లకు అద్దుకుంటున్నాయి? రథానికి అది సరిపోతుంది, తాకితే చాలు పుణ్యం. క్లాసులో తాకితే చాలదు కదా. చూడండి, నేను పెట్టిన గ్రూపు కూడా సరిగ్గా ఎనిమిది మందిదే!

రెండో విషయం. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అని ఇద్దరు అన్నదమ్ములు. కలిసి నేర్చుకోవడం అనే ఒక్క అంశం మీదే దశాబ్దాల తరబడి పని చేశారు. పక్కపక్కన కూర్చోబెట్టడం వేరు, కలిసి నేర్చుకునేలా చేయడం వేరు అన్నది వాళ్ల మాట సారాంశం. దానికి ఐదు షరతులు పెట్టారు. ఒకరి మీద ఒకరు ఆధారపడాలి. ఎవరి బాధ్యత వాళ్లకు ఉండాలి. ఎదురెదురుగా మాట్లాడుకోవాలి. మాట్లాడే పద్ధతి, వినే పద్ధతి కూడా నేర్పాలి. పని అయ్యాక ‘మన గ్రూపు ఎలా నడిచింది?’ అని వాళ్లే వెనక్కి తిరిగి చూసుకోవాలి.

ఐదూ గుర్తుండకపోతే మొదటి రెండు గుర్తుపెట్టుకోండి. నీ పని లేకపోతే నా పని పూర్తి కాకూడదు. నా పని నేను చేసినానా లేదా అన్నది తెలిసిపోవాలి. ఈ రెండూ ఉంటే గ్రూపు. లేకపోతే గుంపు. వేరుశనక్కాయలు పీకేటప్పుడు పల్లెల్లో చూడండి. ఈరోజు మీ చేనికి మేము వస్తాం, రేపు మా చేనికి మీరు రావాలి. పైగా ఎవరి సాలు వాళ్లది. ఎవరు వెనకబడ్డారో గట్టు మీద నిలబడినా కనపడుతుంది. ఆ రెండు షరతులూ అక్కడ ఉన్నాయి. నా చార్టులో ఒక్కటీ లేదు.

ఇప్పుడు పద్ధతులకు వద్దాం. మూడు చెప్తాను, సులువైన దాని నుంచి కష్టమైన దాని వైపు.

మొదటిది, ‘ఆలోచించు, జంటగా మాట్లాడు, అందరికీ చెప్పు’. ఇంగ్లీషులో థింక్ పెయిర్ షేర్ అంటారు. ఫ్రాంక్ లైమన్ అనే అధ్యాపకుడు 1981లో దీన్ని రాశారు. టీచర్ ఒక ప్రశ్న అడుగుతారు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, చేయి ఎత్తకూడదు. ఎవరికి వాళ్లు ఆలోచించి నోటుబుక్కులో ఒక్క ముక్క రాసుకోవాలి. తర్వాత పక్కనున్న వాళ్లతో రెండు నిమిషాలు. ఆ తర్వాతే క్లాసుకు చెప్పడం.

ఇందులో ప్రాణం ఎక్కడుందో చూడండి. ఆ మొదటి నిమిషం మౌనంలో ఉంది. మామూలుగా ప్రశ్న పడగానే ముందు బెంచీలో ఇద్దరి చేతులు లేస్తాయి. ఆ చేతులు చూడగానే మిగతా ముప్పై ఎనిమిది మంది ఆలోచించడం ఆపేస్తారు. ఎవరో చెప్తారులే అని. మౌనం ఉంటే అందరికీ టైము దొరుకుతుంది. పైగా క్లాసు మొత్తం ముందు తప్పు చెప్పడానికి భయపడే పిల్ల, పక్కనున్న స్నేహితురాలికి చెప్పడానికి భయపడదు. దీనికి చార్టు అక్కర్లేదు, బెంచీలు జరపక్కర్లేదు, ఖర్చు సున్నా.

రెండోది, నంబర్ల పద్ధతి. స్పెన్సర్ కేగన్ అనే ఆయన దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. నలుగురేసి గ్రూపు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు. ప్రశ్న అడిగాక నలుగురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవడం అయ్యాక టీచర్ ఒక నంబరు పిలుస్తారు. ‘మూడో నంబరు లేవండి’ అంటే ప్రతి గ్రూపులో మూడో నంబరే చెప్పాలి. ఎవరిని పిలుస్తారో ముందు తెలియదు.

తెలియకపోవడమే ఇక్కడ కిటుకు. బాగా చదివే పిల్ల జవాబు తన దగ్గర దాచుకుంటే గ్రూపుకు నష్టం. కాబట్టి మూడో నంబరు పిల్లవాడికి అర్థమయ్యేదాకా చెప్తుంది. వాడు కూడా వింటాడు, ఎందుకంటే పిలుపు వాడికే రావచ్చు. ఒక చిన్న జాగ్రత్త. పిలిచిన పిల్లవాడు తప్పు చెప్తే తిట్టొద్దు. ‘ఇంకో నిమిషం మీ గ్రూపుతో మాట్లాడి చెప్పు’ అనండి. లేదంటే ఇది గ్రూప్ వర్క్ అనిపించుకోదు, వైవా అవుతుంది.

మూడోది జిగ్‌సా. దీని కథ తప్పకుండా వినాలి.

1971. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం. అప్పటిదాకా విడివిడి బడుల్లో చదివిన తెల్ల పిల్లలు, నల్లజాతి పిల్లలు, మెక్సికన్ మూలాలున్న పిల్లలు కొత్తగా ఒకే క్లాసులో కూర్చున్నారు. బడుల్లో కొట్లాటలు. అక్కడి విశ్వవిద్యాలయంలో సైకాలజీ చెప్పే ఎలియట్ ఆరన్సన్‌ను సాయం అడిగారు. ఆయన, ఆయన విద్యార్థులు వెళ్ళి క్లాసుల్లో కూర్చుని చూశారు. వాళ్లకు కనపడింది ఏంటంటే, ప్రతి ప్రశ్నా ఒక పోటీ. ఒకడు తప్పు చెప్తే పక్కవాడికి సంతోషం, తనకు అవకాశం వస్తుందని. ఇలాంటి క్లాసులో పిల్లలు ఒకరినొకరు ఇష్టపడాలంటే ఎలా కుదురుతుంది?

అందుకని పాఠాన్ని ముక్కలు చేశారు. గ్రూపులో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు. ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇస్తారు. మిగతా ముక్కలు తెలుసుకోవాలంటే మిగతా పిల్లల నోట వినడం తప్ప వేరే దారి లేదు. ఒక గ్రూపులో, ఆరన్సన్ తన రాతల్లో కార్లోస్ అని పిలిచిన ఒక పిల్లవాడు ఉన్నాడు. వాడికి ఇంగ్లీషు రెండో భాష. తడబడుతూ చెప్తుంటే మిగతావాళ్లు ఎగతాళి చేశారు. అప్పుడు పర్యవేక్షకులు ఒక్క విషయం గుర్తుచేశారు. ఎగతాళి చేసుకోవచ్చు, కానీ కొద్దిసేపట్లో పరీక్ష ఉంది, వాడికి తెలిసింది మీకు తెలియదు. అంతే, పిల్లలు దారి మార్చారు. ఎగతాళి ఆపి, వాడి నుంచి విషయం రాబట్టే ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు. ఓపిగ్గా అడిగేకొద్దీ వాడి భయం పోయింది, బాగా చెప్పడం మొదలుపెట్టాడు. వాడు తాము అనుకున్నంత తెలివితక్కువవాడు కాదని వీళ్లకూ తెలిసింది.

దీనిలో నాకు నచ్చింది ఏంటంటే, ‘అందరూ కలిసిమెలిసి ఉండండి’ అని ఎవరూ నీతి చెప్పలేదు. పని అమరికే మార్చారు. మనసులు ఆ తర్వాత మారాయి.

ఇక మన ఊరికి వద్దాం. మీరు అనుకోవచ్చు, ఇవన్నీ అమెరికా సంగతులు కదా, మన బడుల్లో అరవై మంది పిల్లలు, ఒకే టీచర్, ఇవి ఎక్కడ కుదురుతాయి అని. సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు వెతికిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు ఎక్కి, పీలేరు, వాల్మీకిపురం దాటితే మదనపల్లె. అక్కడికి దగ్గరే రిషి వ్యాలీ. మొన్నమొన్నటిదాకా అదంతా మన చిత్తూరు జిల్లానే. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది 1895లో ఆ మదనపల్లెలోనే. పోటీ, పోలిక పిల్లల మనసులో భయం పెడతాయని ఆయన జీవితమంతా చెప్పారు.

రిషి వ్యాలీ అంటే చాలామందికి పెద్ద రెసిడెన్షియల్ స్కూలే గుర్తొస్తుంది. నేను చెప్పేది దాని గురించి కాదు. దాని చుట్టూ ఉన్న పల్లె బడుల గురించి. పద్మనాభరావు, రమ అనే దంపతులు 1980లలో అక్కడికి వచ్చి ఆ పల్లె పిల్లల చదువు మీద పని మొదలుపెట్టారు. పరిస్థితి ఏంటంటే, ఒక గది, ఒక టీచర్, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు అందరూ ఆ గదిలోనే. కాయలు పీకే సీజన్లో నెల రోజులు బడికి రాని పిల్లలు. వాళ్లు తిరిగొచ్చేసరికి పాఠాలు ముందుకు వెళ్ళిపోయి ఉంటాయి. ఇంక వాళ్లు అందుకోలేరు, మెల్లగా బడి మానేస్తారు.

వీళ్లు చేసింది ఏంటంటే, పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఒకటి. దాన్ని అభ్యసన నిచ్చెన అంటారు. పిల్లవాడు వచ్చి, నిచ్చెన మీద తాను ఎక్కడున్నాడో చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటాడు. ఆ గుర్తును బట్టి ఏ గ్రూపులో కూర్చోవాలో వాడికి తెలుస్తుంది. కొత్త విషయం మొదలుపెట్టే వాళ్ల దగ్గర టీచర్ పూర్తిగా కూర్చుంటారు. కొంచెం వచ్చినవాళ్ల దగ్గరికి మధ్యమధ్యలో వచ్చి వెళ్తారు. ఇంకో గ్రూపులో పిల్లలే పిల్లలకు సాయం. ఇంకో చోట ఎవరి పని వాళ్లు సొంతంగా. నేర్చుకోవడం, అభ్యాసం చేయడం, పరీక్షించుకోవడం, రాకపోతే మళ్ళీ చేయడం, వస్తే ఇంకొంచెం ముందుకు పోవడం, ప్రతి మెట్టులోనూ ఈ వరస ఉంటుంది.

నెల రోజులు రాని పిల్లవాడు తిరిగొస్తే? నిచ్చెన మీద తాను ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. ‘నువ్వు వెనకబడ్డావు’ అని ఎవరూ అనరు. ఎనిమిదేళ్ల పిల్ల ఆరేళ్ల వాడికి చెప్తుంది. లెక్కల్లో అదే పిల్లకు ఇంకొకరు చెప్పొచ్చు. చెప్పేవాళ్లు, చెప్పించుకునేవాళ్లు అని శాశ్వతంగా రెండు జాతులు ఉండవు.

ఇది మదనపల్లె దగ్గర ఆగిపోలేదు. 1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి.కోట టీచర్లు ఇక్కడికి వచ్చి చూసి వెళ్ళి, ‘నలి కలి’ అని తమ పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు ఇక్కడ శిక్షణ తీసుకున్నారు. ఆ తర్వాత తమిళనాడు రాష్ట్రం మొత్తం ప్రాథమిక బడుల్లోకి ఆ కార్డుల పద్ధతి వెళ్ళింది. మన పక్క ఊరి నుంచి పక్క రాష్ట్రాలకు వెళ్ళిన చదువు ఇది. మన తిరుపతిలో బీఈడీ చేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో కామెంట్లలో చెప్పండి. నాకైతే నా తప్పు జరిగిందాకా తెలియదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో, సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు చూసుకునేవాడు. అక్కడ దగ్గర్లో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఒకరికొకరు నేర్పుకోవడం చూశాడు. తన బడిలో టీచర్లు ఆ పద్ధతికి ఒప్పుకోకపోతే, ఒక పిల్లవాడి చేతనే చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అని పేరు వచ్చింది, ఇంగ్లండులో ఎన్నో బడులు దాన్ని తీసుకున్నాయి. మన అరుగు మీది చదువు సముద్రం దాటింది.

కానీ అక్కడ అది ఏమైంది? ఒక్క టీచర్ కింద వందల మంది పిల్లలు, మధ్యలో మానిటర్లు. మానిటర్ చెప్తాడు, మిగతావాళ్లు వల్లె వేస్తారు. చౌకగా బడి నడిపే మెషీన్ అయిపోయింది. పిల్లలు పిల్లలకు చెప్పినంత మాత్రాన అది కలిసి నేర్చుకోవడం కాదు. ఎప్పుడూ ఒకడే చెప్తూ మిగతావాళ్లు వింటూ ఉంటే, టీచర్ సైజు తగ్గిందంతే. మీ క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్లను ప్రతి గ్రూపుకూ లీడర్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సరే, నా సంగతికి మళ్ళీ వద్దాం. ఇవన్నీ చదివాక అదే క్లాసులో ఇంకోసారి ప్రయత్నించినా. ఈసారి చార్టులు కొనలేదు. ఒకే ప్రశ్న తీసుకున్నా. ‘2021 నవంబర్ వానలకు తిరుపతి ఎందుకు మునిగింది?’ ఆ వానలు ఆ పిల్లలందరికీ తెలుసు, చాలామంది ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినాయి.

పాఠాన్ని నాలుగు కాగితాలు చేసినా. మొదటి కాగితం శేషాచలం కొండలు, అక్కడ పడ్డ వాన కిందికి ఎలా దిగుతుంది. రెండోది స్వర్ణముఖి నది, అది ఎక్కడ పుట్టి ఏ ఊళ్ల మీదుగా సముద్రానికి పోతుంది. మూడోది కళ్యాణి డ్యాం, అది నిండితే గేట్లు ఎత్తి ఆ నీళ్లు ఎటు వదులుతారు. నాలుగోది చెరువులు, ఊరు పెరిగేకొద్దీ చెరువులు, కాలువలు ఏమవుతాయి, ఆ నవంబర్‌లో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని పల్లెల్ని ఎందుకు ఖాళీ చేయించారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చదివినా ప్రశ్నకు పూర్తి జవాబు రాదు. అది కావాలనే అలా పెట్టినా.

ఆరోజు వచ్చింది ముప్పై ఏడు మంది. నలుగురేసి తొమ్మిది గ్రూపులు, ఒక పిల్ల మిగిలింది. ఆమెను ఒక గ్రూపులో కలిపి, అక్కడ ఒక కాగితం ఇద్దరికి ఇచ్చినా. ముందు ఒకే కాగితం వచ్చినవాళ్లంతా ఒక చోట కలవాలి. తొమ్మిది, పది మంది ఒకే వలయంలో కూర్చుంటే మళ్ళీ పాత కథే అవుతుంది కాబట్టి, ఒక్కో కాగితానికి రెండు వలయాలు. నలుగురైదుగురు కలిసి చదివి, అర్థం కానిది అడిగి, ‘మా గ్రూపుకు వెళ్ళి ఏం చెప్పాలి’ అని మూడు ముక్కలు రాసుకున్నారు. మొదటి రోజు పీరియడ్ అంతా దీనికే సరిపోయింది. రెండో రోజు సొంత గ్రూపుల్లోకి వెళ్ళి ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆఖర్లో చిన్న పరీక్ష, ఎవరికి వాళ్లు రాయాలి.

స్కేలు పట్టుకున్న పాపకు చెరువుల కాగితం వచ్చింది. నేను ఇచ్చింది కాదు, చీటీ తీస్తే వచ్చింది. రెండో రోజు తన గ్రూపులో ఆ పాప చెప్పడం మొదలుపెట్టింది. చాలా నిదానంగా, కాగితంలోకే చూస్తూ. ఒక పిల్లోడు ‘ఏందే, నిద్దరొస్తాండాది’ అన్నాడు. నా గుండె ఝల్లుమంది. వెళ్ళి వాణ్ణి తిట్టాలనిపించింది. కానీ ఆరన్సన్ కథ గుర్తొచ్చి, దగ్గరికి పోయి మెల్లగా ఒక్క మాటే అన్నా. ‘పరీక్షలో చెరువుల మీద ఐదు మార్కులు ఉన్నాయి నాయనా. అది ఈ గ్రూపులో ఈమెకు ఒక్కదానికే తెలుసు.’

వాడు కాసేపు ఊరుకుని, ‘అయితే మీ ఊరి చెరువు కూడా తెగిందా?’ అని అడిగినాడు. అంతే. ఆ పాప కాగితం పక్కన పెట్టేసింది. వాళ్ల ఊరి చెరువు గురించి, కట్ట మీద రాత్రంతా ఇసుక మూటలు వేసిన వాళ్ల నాయన గురించి చెప్పింది. మూడు నిమిషాలు అనుకున్నది ఏడు నిమిషాలు చెప్పింది. నేను ఆపలేదు.

సినిమాలో లాగా ఆ పాప క్లాస్ ఫస్ట్ వచ్చింది అని నేను చెప్పను. పరీక్షలో పాతికకు పదకొండు వచ్చినాయి. అంతకు ముందు టెస్టులో ఏడు. అంతే తేడా. కానీ ఆ పదకొండు తనవి.

అన్నీ బాగా జరగలేదు కూడా. రెండో రోజు ఇద్దరు పిల్లలు బడికి రాలేదు. రెండు గ్రూపుల్లో ఒక్కో ముక్క తగ్గిపోయింది. అప్పటికప్పుడు పక్క గ్రూపు నుంచి ఒకరిని అరువు తెచ్చుకున్నాం, హడావుడి అయింది. ఇంకో గ్రూపులో స్వర్ణముఖి కాగితం పిల్లవాడు నది దారి తప్పు చెప్తే, నలుగురూ అదే తప్పు రాసినారు. అప్పుడు తెలిసింది, మొదటి రోజు వలయాల్లో వాళ్లు రాసుకున్న మూడు ముక్కల్ని టీచర్ ఒకసారి తప్పకుండా చూడాలని.

ఇంకో నిజమైన అభ్యంతరం ఉంది. బాగా చదివే పిల్లల అమ్మానాన్నలు అడుగుతారు, ‘మా పాప మార్కులు ఇంకొకరి మీద ఆధారపడాలా మేడం?’ అని. న్యాయమైన ప్రశ్న. జవాబు, వద్దు. నేర్చుకోవడం కలిసి, మార్కులు ఎవరివి వాళ్లకు. గ్రూపును మెచ్చుకోవాలంటే రాబర్ట్ స్లావిన్ అనే పరిశోధకుడు చూపించిన దారి ఉంది. ఎవరెన్ని మార్కులు తెచ్చుకున్నారు అని కాకుండా, ఎవరు తమ పాత మార్కుల కంటే ఎంత మెరుగయ్యారు అన్నది కలిపి గ్రూపు పాయింట్లు వేయడం. అప్పుడు ఏడు నుంచి పదకొండుకు వచ్చిన పిల్ల గ్రూపుకు బరువు కాదు, బలం. బాగా చదివే పిల్లకు కూడా నష్టం లేదు. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు అది నిజంగా తెలిసి ఉండాలి. చెప్పి చూడండి, మీకు తెలియనిది ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది.

చివరగా కాలేజీ వాళ్లకు. మీ తర్వాతి ప్రాజెక్టుకు మూడు పనులు చేయండి. ఒకటి, నలుగురి కంటే ఎక్కువ మంది వద్దు. లెక్చరర్ ఆరుగురిని వేస్తే, లోపల ముగ్గురేసి రెండు జట్లు చేసుకోండి. రెండు, మొదటి రోజే ఎవరి ముక్క ఏదో గ్రూప్‌లో రాసి పైన పిన్ చేయండి. ‘అందరం కలిసి చేద్దాం’ అంటే ఎవరూ చేయరు. మూడు, ప్రజెంటేషన్ రోజు పొద్దున్న చీటీ తీయండి. ఎవరి పేరు వస్తే వాళ్లు ఇంకొకరి ముక్క చెప్పాలి, సొంత ముక్క కాదు. ముందు రోజు రాత్రి ఫోన్లు ఎలా మోగుతాయో మీరే చూస్తారు.

టీచర్ కాబోయేవాళ్లకు ఒక్క మాట. రేపే జిగ్‌సా మొదలుపెట్టొద్దు. ఒక నిమిషం మౌనంతో, జంటలతో మొదలుపెట్టండి. రెండు వారాలు అది అలవాటు కానివ్వండి. పిల్లలకు వినడం కూడా నేర్పాల్సిన విద్యే. క్లాసులో శబ్దం వస్తుంది, హెడ్‌మాస్టర్ గారు తలుపు దగ్గరికి వచ్చి చూస్తారు. ముందే చెప్పి పెట్టుకోండి. గ్రూప్ వర్క్ అయిపోయాక చార్టులు ఫొటో తీసుకోవడం ఆపి, వెనక బెంచీ దగ్గరికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి. ‘నువ్వేం చేసినావు?’ వచ్చే జవాబును బట్టి మీ పాఠం ఎలా జరిగిందో మీకే తెలుస్తుంది.

మీ గ్రూపుల్లో ఆ ఐదో మనిషి ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. మీరే ఆ మనిషి అయితే, ఈసారి మొదటి రోజే ‘నా ముక్క ఏది?’ అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.